కార్తికమున కనబడిన చీపురుచుక్క



చిన్ననాడు చూచిన వింత యేండ్లు గడిచినకొలది పెరుగును. నిన్నటి చెరువు నేడు సముద్రమగును. చిన్న గుట్ట పర్వతమగును. అరువదేండ్లుగా నా మనస్సున నిలిచిన యొక యాకాశపు వింతను గూర్చి, అది యేమో, యెప్పటిదో నేనెట్లు తేల్చుకొంటినో విన్నవించెదను.

నాకప్పుడు ఎనిమిదేండ్లు. మా నాయనమ్మ కార్తికస్నానమునకై తెల్లవారకమునుపే నన్ను వెంటబెట్టుకొని హనుమకొండలోని భద్రకాళి చెరువునకు పోవుచుండెడిది. ఒకనాడు కట్టపై నిలిచి చూడగా, నీటికావల, తూర్పు ఆగ్నేయముల నడుమ, నేలనుండి లేచినట్లు తెల్లని వెలుగొకటి నిలువుగా కనబడెను. అది మెఱుపువలె మాయము కాలేదు, మేఘమువలె చెదరలేదు. క్రింద సన్నము, పైకి పోనుపోను వెడల్పు. నాయనమ్మ చప్పున నా కన్నులు మూసి, “దాని దిక్కు చూడకు కొడుకా! అది రాజ్యాలను ఊడ్చే చీపురు” అనెను.

ఇంటికి మరలగానే రేడియోలో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు పోయిరను వార్త వచ్చినదనియు, సకినాలు చుట్టుచున్న ఆడవారు పిండిచేతులతో అట్లే కూర్చుండిపోయిరనియు నాకు బాగుగా జ్ఞాపకము. చుక్క కనబడెను, దేశపు పెద్ద పోయెను. ఇంతకంటె సాక్ష్యమేమి కావలయునని చిరకాలము తలంచితిని.

మా యింట మఱియొక సాక్ష్యము కూడ నుండెను. ఆ కార్తికమున మా చిన్న మేనత్తకు కుదిరిన సంబంధమును మగపెండ్లివారు “కేతువు పొడిచిన నెల” యని మానుకొనిరి. ఆమె తప్పేమియు లేదు. అయినను రెండేండ్లపాటు ఇరుగుపొరుగుల పేరంటములకు పోవుటకు ఆమె సంకోచించెను. అందుచేత ఈ చుక్క సంగతి తేల్చుకొనుట నాకు వట్టి వేడుక కాలేదు.

ఉద్యోగము విరమించిన పిదప పంచాంగమును, ఖగోళశాస్త్ర గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టుకొని కూర్చుంటిని. అది తోకచుక్క యనుటలో సందియము లేదు. కాని యే తోకచుక్క? మావారు దానిని “హేలీ చుక్క” యనెడివారు. హేలీ తోకచుక్క 1910లోను, 1986లోను వచ్చినది. 1910లో నేను పుట్టలేదు. 1986 నాటికి సంసారిని. పైగా ఆ రెండవ రాకలో అది మసకగా నుండి పలువురిని నిరాశపరచినది. తెల్లవారుజామున కన్నులపండువుగా కనబడిన బెన్నెట్ తోకచుక్క 1970 మార్చి, ఏప్రిల్ నెలలది. వెస్ట్ తోకచుక్క 1976 మార్చిది. ఈ రెండును ఎండలు ముదురు దినములవి. నా జ్ఞాపకములోనున్నది కార్తికపు చలి, చెరువుస్నానము. వానికి సరిపోవునది యొక్కటే: 1965, విశ్వావసు నామ సంవత్సరమున వచ్చిన ఇకెయా–సెకి తోకచుక్క.

దానిని 1965 సెప్టెంబరు 18న జపానులో కౌరు ఇకెయా, త్సుతోము సెకి యను నిరువురు వేర్వేరుగా కనుగొనిరి. వీరు కొలువు శాస్త్రజ్ఞులు కారు. ఒకరు పియానోలు తయారుచేయు కర్మాగారములో పనివాడు. రెండవవాడు గిటారు నేర్పు గురువు. రాత్రులందు మేలుకొని ఆకాశమును వెదకుట వారికి వ్రతము. అక్టోబరు 21న ఆ చుక్క సూర్యుని ఉపరితలమునకు సుమారు మూడు లక్షల మైళ్ళ దూరమున దూసికొని పోయెను. ఆనాడది పట్టపగలు సూర్యుని చెంతనే కనబడినది. ఆ వేడికి దాని గర్భము ముక్కలయ్యెను. దాని వెలుగును విడదీసి చూచిన శాస్త్రజ్ఞులు అందు ఇనుము, నికెలు మొదలగు లోహముల జాడలు కనుగొనిరి.

అక్టోబరు 24న దీపావళి యమావాస్య. పిమ్మట కార్తిక శుక్లపక్షము. శుక్లపక్షమున తెల్లవారుజామున చంద్రుడుండడు గదా! ఆ చీకటిలోనే సూర్యుని వెడలి వచ్చిన తోకచుక్క తన తోకను పూర్తిగా చాచినది. మేము చెరువునకు పోయినదియు అప్పుడే.

ఇక అది చీపురువలె నిలువుగా నేల కనబడినది? తోకచుక్క యనగా మంచు, ధూళి, వాయువులు గడ్డకట్టిన ముద్ద. సూర్యుని సమీపించినకొలది మంచు ఆవిరియై ధూళిని వెంటగొని వెలువడును. సూర్యకాంతి యొత్తిడి ఆ ధూళిని, సూర్యునినుండి వీచు కణముల గాలి ఆ వాయువును వెనుకకు తోయును. కావున తోక యెల్లప్పుడు సూర్యునికి ఎడముగానే చాగియుండును గాని, చుక్క పోవు త్రోవకు వెనుకనే యుండవలయునను నియమము లేదు. తెల్లవారకమునుపు సూర్యుడు తూర్పున నేలకు దిగువ నుండును. తల ఆ దిక్కుననే యుండి, తోక పైకి లేచును. సుమారు ఏడు కోట్ల మైళ్ళ పొడవున్న యా తోకనే మా నాయనమ్మ చీపురనుకొన్నది. ఆమె పోలిక తప్పు కాదు. ఊడ్చు సంగతియే తప్పు.

ఈ చుక్కకు వంశవృక్షము కూడ కలదు. 1882లో కనబడిన గొప్ప తోకచుక్కయు, ఇదియు ఒకే తల్లిచుక్క ముక్కలనియు, ఆ తల్లి పండ్రెండవ శతాబ్దమున సూర్యుని చుట్టి విరిగినదనియు గణించిరి. అది మన అనుమకొండలో కాకతీయులేలిన కాలము. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభముల గుడి కట్టించిన శతాబ్దము. 1965లో వచ్చిన ముక్క మరల వచ్చుటకు ఎనిమిది, తొమ్మిది వందల యేండ్లు పట్టును.

ఇప్పుడు ఉత్పాతము మాట. 1965 యుద్ధము సెప్టెంబరు 23న ఆగినది. మేము చుక్కను చూచినది దీపావళి పిమ్మట. ఆ యేటి యనావృష్టియు వానకాలముననే వచ్చినది. వెనుక వచ్చినది ముందు జరిగినదానికి కారణమెట్లగును? శాస్త్రిగారు పోయినది 1966 జనవరి 11న, తాష్కెంటులో. అనగా సంక్రాంతికి మూడు దినముల ముందు. అందుకే ఆడవారి చేతులలో సకినాల పిండి! సకినాలు సంక్రాంతివి, స్నానము కార్తికముది. రెంటికి నడుమ రెండు నెలలకు పైగా నెడమున్నది. నా పసిమనస్సు ఆ రెండు ఉదయములను ఒక్కటిగా కుట్టివేసినది. ఇన్నాళ్ళు నేను సాక్ష్యమనుకొన్నది ఆ కుట్టు మాత్రమే.

మన పూర్వులను తూలనాడుట నా యుద్దేశము కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువుల యుదయాస్తమయములు గణితమునకు అందవని చెప్పియున్నాడు. ఆనాటికది సత్యము. లెక్కకు అందని రాక భయము గొల్పుట సహజము. ఇంగ్లండు దేశీయుడు ఎడ్మండ్ హేలీ యొక తోకచుక్క 1758లో మరల వచ్చునని ముందుగా లెక్కగట్టి చెప్పెను. అతడు పోయిన పిదప ఆ యేటి డిసెంబరులో అది కనబడినది. లెక్కకు అందినది గ్రహచారము వంటిదే గాని శాపము కాదు. మన హైదరాబాదులో పెరిగిన వేణు బప్పుగారు 1949లో అమెరికాలో చదువుచుండగా కనుగొన్న తోకచుక్క కాయన పేరు కూడ పెట్టిరి.

ఇదంతయు తేలిన పిదప మా మేనత్త యొద్దకు పోయి తేదీలతో వివరించితిని. ఆమెకు పెండ్లి తరువాత రెండేండ్లకు జరిగినది, ఇప్పుడు మునిమనుమలున్నారు. అంతయు విని, కొంతసేపు ఊరకుండి, “అయితే అది నా కోసం రాలేదన్నమాట” అనెను. నవ్వుచునే యనెను, కాని యా మాట వినుటకు ఆమెకు అరువదేండ్లు పట్టినది.

2025 ఉగాదినాడు విశ్వావసు మరల ప్రవేశించినది. ఆ చుక్క రాలేదు. చుక్కలు మన సంవత్సరములతో తిరుగవు. అయినను మఱియొక తోకచుక్క యెన్నడో కనబడకపోదు. అప్పుడు మీ యింటి పిల్లవాని కన్నులు మూయకుడు. తిథి, వేళ, దిక్కు, నేలకెంత యెత్తున నున్నదో యొక కాగితముపై వ్రాయించి దాచుడు. అరువదేండ్ల తరువాత వాడు నావలె సకినాలను, స్నానమును పట్టుకొని వెదకవలసిన పని యుండదు. ఏ యింటి యాడపిల్లయు దాని పేర తల వంచుకొనవలసిన పనియు నుండదు.