పొత్తికడుపు సీటీ స్కాన్ రాసిచ్చారా? బస్సు ఎక్కే ముందే ఇవి చూసుకోండి

జయశంకర్ భూపాలపల్లి జిల్లా, టేకుమట్ల మండల ప్రజల కోసం

"స్కాన్ తీయించుకుని రమ్మన్నరు" అని చీటీ పట్టుకుని వరంగల్ పోయి, స్కాన్ కాకుండానే సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చినవాళ్లు మన మండలంలో తక్కువేమీ లేరు. అలా తిరిగి రావడానికి మిషన్ చెడిపోవడం ఒక్కటే కారణం కాదు. పొద్దున చాయ్‌తో పాటు రెండు ఇడ్లీలు తిని పోయారనో, కిడ్నీ పరీక్ష కాగితం లేదనో, రేషన్ కార్డు ఇంట్లో మర్చిపోయారనో తేదీ మార్చుకుని వస్తుంటారు. కైకిలి పోతుంది, చార్జీలు పోతాయి, జబ్బు మాత్రం వారం పది రోజులు ముందుకు జరుగుతుంది. స్కాన్ మిషన్ మీద పడుకునేది కొద్ది నిమిషాలే. అసలు పనంతా టేకుమట్లలో బస్సు ఎక్కే ముందే ఉంటుంది.

ఈ స్కాన్‌లో ఏం చూస్తారు

బొడ్డు కింది నుంచి తొడల మొదలు దాకా ఉండే భాగాన్ని డాక్టర్లు పెల్విస్ అంటారు. మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, తుంటి ఎముకలు ఇందులోనే ఉంటాయి. ఆడవాళ్లకైతే గర్భసంచి, అండాశయాలు, మగవాళ్లకైతే ప్రోస్టేట్ గ్రంథి కూడా ఇక్కడే. సీటీ మిషన్ ఎక్స్‌రేలతోనే పనిచేస్తుంది. మామూలు ఎక్స్‌రే ఒక వైపు నుంచి ఒక్క బొమ్మ తీస్తే, సీటీ చుట్టూ తిరిగి, రొట్టెను ముక్కలుగా కోసి చూసినట్టు పొరలు పొరలుగా చూపిస్తుంది. గడ్డ ఎంత ఉంది, పక్కకు పాకిందా, చీము పట్టిందా, ఎముక విరిగిందా అన్నవి ఇందులో తెలుస్తాయి.

గర్భసంచి, అండాశయాల సమస్యకు సాధారణంగా మొదట తీసేది అల్ట్రాసౌండ్. దానిలో రేడియేషన్ ఉండదు. అందులో తేలని విషయం ఉన్నప్పుడో, క్యాన్సర్ ఎంత వరకు పోయిందో చూడాల్సి వచ్చినప్పుడో సీటీ గానీ ఎంఆర్ఐ గానీ రాస్తారు. కాబట్టి చీటీ రాసిన డాక్టర్‌ను "సార్, ఇది ఎందుకు? ఇందులో ఏం చూస్తారు?" అని అడగండి. అడగడం మీ హక్కు, తప్పేం కాదు. డాక్టర్ చీటీ లేకుండా, ఎవరో చెప్పారని మీ అంతట మీరు సెంటర్‌కు పోయి సీటీ తీయించుకోవద్దు. డబ్బుకు డబ్బు పోతుంది, అవసరం లేని రేడియేషన్ ఒంటికి తగులుతుంది.

రేడియేషన్ సంగతి

భయపడాల్సినంతా లేదు, తేలిగ్గా తీసుకోవాల్సినదీ కాదు. ఛాతీ ఎక్స్‌రే ఒకసారి తీస్తే సుమారు 0.1 మిల్లీసీవర్ట్ తగులుతుంది. పొత్తికడుపు సీటీకి సుమారు 6 నుంచి 8 దాకా ఉంటుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి మామూలుగా ఏడాదికి తగిలేది ప్రపంచ సగటున 2.4. అంటే ఒక్క స్కాన్ దాదాపు మూడేళ్ల సహజ రేడియేషన్‌తో సమానం. జబ్బు తేల్చడానికి అవసరమైతే ఇది మోయదగిన బరువే. కానీ పాత స్కాన్ పోగొట్టుకున్నామని అదే స్కాన్ మళ్లీ తీయించుకోవడం మాత్రం అనవసరపు బరువు. స్కాన్ అయ్యాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు. ఇంటికి వచ్చి పిల్లలను ఎత్తుకోవచ్చు.

ఆడవాళ్లు తప్పకుండా చెప్పాల్సింది

నెల తప్పి ఉంటే, తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా, స్కాన్ గదిలోకి పోకముందే చెప్పండి. పొత్తికడుపు సీటీలో ఎక్స్‌రేలు నేరుగా గర్భసంచి మీదుగానే పోతాయి. అక్కడ మగ టెక్నీషియన్ ఉన్నాడని, పక్కన అత్తనో మరిదో ఉన్నారని సిగ్గుపడి ఊరుకునేవాళ్లు ఉన్నారు. అందుకే ఈ పని ఊళ్లోనే తేల్చుకోవడం మంచిది. మీ ఆశా కార్యకర్త దగ్గరో, ఏఎన్ఎం దగ్గరో మూత్ర పరీక్ష చేయించుకుంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చివరిసారి బహిష్టు అయిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని పోండి. అక్కడ నోటితో చెప్పలేకపోతే ఆ కాగితం చేతికిస్తే సరిపోతుంది. మహిళా సిబ్బంది కావాలని కూడా అడగొచ్చు.

పాలిచ్చే తల్లులకు స్కాన్ మందు ఎక్కించినా సాధారణంగా పాలు ఆపాల్సిన అవసరం లేదు. అయినా ఆ విషయం సిబ్బందికి చెప్పండి.

సూది మందుతోనా, సూది లేకుండానా?

చీటీ మీద 'ప్లెయిన్' అని ఉందా, 'కాంట్రాస్ట్' అని ఉందా అడిగి తెలుసుకోండి. మీరు చేసుకోవాల్సిన తయారీ అంతా దీన్ని బట్టే ఉంటుంది.

మూత్రనాళంలో రాయి కోసమో, పడిపోయి తుంటి విరిగిందేమోననో అయితే చాలాసార్లు ప్లెయిన్ సరిపోతుంది. సూది ఉండదు, సాధారణంగా ఉపవాసమూ అక్కర్లేదు.

గడ్డ, చీము, క్యాన్సర్ అనుమానం ఉంటే కాంట్రాస్ట్ రాస్తారు. ఇది అయోడిన్ కలిసిన మందు. చేతి నరంలోకి ఎక్కిస్తారు. ఎక్కుతున్నప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు, నోట్లో ఇనుప రుచి వచ్చినట్టు, బట్టల్లో మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. నిజంగా పోదు, నిమిషంలో తగ్గిపోతుంది. ఈ సంగతి ముందు తెలియక మధ్యలో లేచి కూర్చున్నవాళ్లు ఉన్నారు. కదిలితే బొమ్మ చెడిపోతుంది.

ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అందుకే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష రిపోర్టు అడుగుతారు. మన మండలం నుంచి పోయేవాళ్ల తేదీలు ఎక్కువగా మారేది ఈ కాగితం దగ్గరే. చీటీ రాసిన రోజే డాక్టర్‌ను అడిగి ఆ పరీక్ష కూడా రాయించుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో రక్తం ఇచ్చి, రిపోర్టు చేతికి వచ్చాకే స్కాన్‌కు బయలుదేరండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, నొప్పి గోలీలు చాలాకాలంగా వాడుతున్నవాళ్లు దీన్ని అసలు వదలొద్దు. పత్తి చేన్లో పనిచేసి వచ్చి రోజూ ఒక నొప్పి గోలీ మింగే అలవాటు మన దగ్గర ఉంది. అది కిడ్నీల మీద భారమే, డాక్టర్‌కు చెప్పాల్సిన విషయమే.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గోలీ వాడేవాళ్లు దాని పేరు చెప్పండి. కిడ్నీలు బాగుంటే చాలామందికి ఆపాల్సిన పని ఉండదు. కిడ్నీలు బలహీనంగా ఉంటే స్కాన్ రోజు ఆపి, 48 గంటల తర్వాత మళ్లీ క్రియాటినిన్ చూసి మొదలుపెట్టమంటారు. ఆపాలా వద్దా అన్నది డాక్టర్ మాట ప్రకారమే చేయండి. బీపీ గోలీ మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు.

గతంలో స్కాన్ మందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? ఉబ్బసం ఉందా? థైరాయిడ్ ఎక్కువగా ఉందా? ఈ మూడూ వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.

ఆ రోజు పొద్దున

కాంట్రాస్ట్ అయితే సాధారణంగా నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దంటారు. నీళ్ల సంగతి విడిగా అడగండి, ఎందుకంటే పొత్తికడుపు స్కాన్‌కు చాలాసార్లు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటారు. కొందరికి మందు కలిపిన నీళ్లు గంటసేపు కొంచెం కొంచెంగా తాగిస్తారు. షుగర్ గోలీ వేసుకుని, ఇన్సులిన్ తీసుకుని ఖాళీ కడుపుతో బస్సులో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. అలాంటివాళ్లు పొద్దుటి టైమే ఇవ్వమని అడగాలి, ఆ రోజు గోలీ, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో కనుక్కోవాలి, జేబులో చక్కెర పెట్టుకోవాలి.

మొలతాడుకు ఉన్న వెండి బిళ్ల, తాయెత్తు, బెల్టు, ప్యాంటు జిప్పు, చీర పిన్నులు, జేబులో తాళంచెవులు పొత్తికడుపు బొమ్మలో అడ్డం పడతాయి. మొలతాడు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు, నాకు తెలుసు. బిళ్ల వరకైనా ఇంట్లో విప్పించి పంపండి, లేదా పైకి జరిపితే సరిపోతుందా అని అడగండి. కాపర్-టీ ఉన్నా, తుంటిలో రాడ్డు ఉన్నా స్కాన్‌కు ప్రమాదం లేదు. చెబితే చాలు.

మిషన్ సొరంగంలా ఉండదు, పెద్ద చక్రంలా ఉంటుంది. బల్ల ముందుకు వెనక్కి జరుగుతుంది. ఊపిరి బిగబట్టమని మైకులో చెబుతారు. సిబ్బంది అద్దం అవతల ఉంటారు, మీ మాట వాళ్లకు వినిపిస్తుంది. సూది దగ్గర మంటగా ఉన్నా, చెయ్యి ఉబ్బినా, గొంతు పట్టేసినట్టున్నా వెంటనే అరిచి చెప్పండి. అయిపోయాక అరగంట అక్కడే కూర్చోండి. ఇంటికి వచ్చాక నీళ్లు బాగా తాగండి. దద్దుర్లు వస్తే ఆస్పత్రికి పోండి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

ఖర్చు, పథకం

ప్రభుత్వ డాక్టర్ రాసిన స్కాన్‌ను ప్రభుత్వ ఆస్పత్రిలో తీయించుకుంటే మీరు కట్టాల్సింది లేదు. మన వైపు వాళ్లకు పెద్ద దిక్కు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు ఉండవు, ఆధార్ చూపిస్తే చాలు.

ఆరోగ్యశ్రీ విషయంలో ఒక పొరపాటు ఊరూరా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి పెరిగింది, నిజమే. కానీ ఆ పథకం చికిత్సకు. పథకం జాబితాలోని చికిత్స కోసం నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేరితే, దానికి కావలసిన పరీక్షలు ఆ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. బయట సెంటర్‌లో మీరే డబ్బు కట్టి స్కాన్ తీయించుకుని, ఆ బిల్లు తెచ్చి ఇస్తే డబ్బు వెనక్కి రాదు. అందుకే ప్రైవేటు ఆస్పత్రికి పోతే డబ్బు కట్టకముందే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ఆగండి. రేషన్ కార్డు, ఆధార్ చూపించి "ఈ స్కాన్ పథకంలోకి వస్తదా?" అని అడగండి. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.

రిపోర్టు చేతికొచ్చాక

ఫిల్ములు, రిపోర్టు, సీడీ మూడూ అడిగి తీసుకోండి. రేపు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పంపాల్సి వస్తే ఇవి ఉంటే స్కాన్ మళ్లీ తీయాల్సిన అవసరం తగ్గుతుంది. రిపోర్టులో 'గడ్డ', 'సిస్ట్' అని ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. అండాశయం మీద నీటి బుడగలు చాలామందికి వచ్చి వాటంతట అవే పోతాయి. క్యాన్సర్ అవునా కాదా అని చివరికి తేల్చేది ఎక్కువగా ముక్క పరీక్షే.

గర్భసంచి తీసేయించుకునే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు ముందు వరసలో ఉన్నాయి. ముప్పై ఐదేళ్లకే తీయించుకున్న అక్కచెల్లెళ్లు వెలిశాలలోనైనా గర్మిళ్లపల్లిలోనైనా మీకు తెలిసే ఉంటారు. స్కాన్‌లో గడ్డ కనబడింది, వెంటనే తీసేద్దాం అని ఎవరైనా అంటే, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాకపోతే, అదే ఫిల్ము పట్టుకుని ప్రభుత్వ ఆస్పత్రిలో గైనకాలజీ డాక్టర్‌కు ఒకసారి చూపించండి. మందులతో తగ్గుతుందా, కొన్నాళ్లు ఆగి చూడొచ్చా అని అడగండి. ఫిల్మును మడతపెట్టకండి, ఎండలో పెట్టకండి. రేషన్ కార్డు ఉన్న సంచిలోనే ఉంచండి, ఎక్కడికి పోయినా మొదట అడిగేవి ఆ రెండే.