ఆటలో హాజరు పుస్తకం

మన హాస్టల్లో రాత్రి హాజరు వేసినట్లే సెల్‌ఫోన్ ఆటలోనూ ఒక హాజరు పుస్తకం ఉంటుంది. దానినే అనలిటిక్స్ అంటారు. ఎంతసేపు ఆడారు, ఏ లెవెల్లో మానేశారు అన్నది అది రాసుకుంటుంది. ఎం.సి.ఏ. చదువుతూ మణికొండలో గది తీసుకుని ఉంటున్న మేము ముగ్గురం, ముగ్గురమూ ఈ హాస్టల్ వాళ్లమే, మా ఇళ్లలో డిగ్రీ దాటినవాళ్లలో మొదటివాళ్లమే, పులి-మేక ఆటను యూనిటీలో తయారుచేసి దానికి గూగుల్ వారి ఫైర్‌బేస్ అనలిటిక్స్‌ను తగిలించాం.

ఫైర్‌బేస్‌లో ఆటను నమోదు చేస్తే ఒక చిన్న ఫైలు ఇస్తారు. దానిని, ప్లగిన్‌ను ప్రాజెక్టులో పెట్టాలి. ఆ ఫైలులోని ప్యాకేజీ పేరుకు, మన ఆట ప్యాకేజీ పేరుకు ఒక్క అక్షరం తేడా ఉన్నా పనిచేయదు. మాకు ఒక రాత్రంతా అక్కడే పోయింది. తర్వాత 'లెవెల్ మొదలైంది', 'లెవెల్ ముగిసింది' వంటి ఈవెంట్లు రాయాలి. పేరు 40 అక్షరాలు దాటకూడదు. ఒక్కో ఈవెంటుకు 25 వివరాల వరకు జతచేయవచ్చు. పంపినది వెంటనే కనబడలేదని కంగారు పడవద్దు. బ్యాటరీ ఆదా కోసం ఫోను వాటిని పోగుచేసి సుమారు గంటకొకసారి పంపుతుంది. అప్పటికప్పుడు చూసుకోవడానికి డీబగ్ వ్యూ ఉంది.

మూడో లెవెల్లో చాలామంది మానేస్తున్నారని తేలింది. కష్టమైందేమోనని మేకల సంఖ్య పెంచాం. మార్పు లేదు. ఉగాదికి హాస్టల్‌కు వచ్చి ఒక తమ్ముడి పక్కన కూర్చుని చూస్తే, ఆ లెవెల్లో 'తర్వాత' బటన్ చిన్న ఫోన్ల తెర మీద పడడమే లేదు! ఎక్కడ ఆగారో తప్ప ఎందుకు ఆగారో ఆ లెక్కకు తెలియదు కదా.

ఆ తమ్ముడే అడిగాడు: "అన్నా, నేను రాత్రి పదకొండింటికి ఆడింది కూడా మీకు తెలుస్తదా? వార్డెన్ సారుకు చెప్తరా?"

మా ముఖాలు చిన్నబోయాయి. గుర్తు కోసమని ఫోన్ నంబరునే ఐడీగా పెట్టాం. అలాంటివి పంపకూడదని గూగుల్ నిబంధనల్లోనే ఉంది, మేము చదవలేదు.

అతని భయం ఉత్తది కాదు. 2010 జనవరిలో ఐప్యాడ్ ఇంకా బయటికి రాకముందే, ఫ్లర్రీ అనే అనలిటిక్స్ సంస్థ ఆపిల్ ఆవరణలో ఆ పరికరాలు తిరుగుతున్నట్లు తన లెక్కల్లోంచి పసిగట్టింది. స్టీవ్ జాబ్స్ బహిరంగంగానే మండిపడ్డాడు. అంత పెద్ద కంపెనీ రహస్యమే దాగలేదు.

ఆ రాత్రే నంబరు తీసేశాం, పాత ప్రాజెక్టును తొలగించాం, ప్రకటనల ఐడీ సేకరణను ఆపేశాం. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వారి అలవాట్లపై నిఘా వద్దంటుంది. ఇప్పుడు మా ఆట ముందుగా వయసు అడుగుతుంది. 18 నిండలేదంటే లెక్క మొదలే కాదు, నిండినవారికైనా ఒప్పుకుంటేనే. ఆ తమ్ముడు ఎన్నింటి దాకా ఆడుతున్నాడో మాకిప్పుడు తెలియదు.