క్లోరోఫాం చిక్కుముడి.. నిజాం ఏలుబడిలో పరిశోధన

పాతబస్తీ: శస్త్రచికిత్సకు ముందు మత్తుకోసం ఇచ్చే క్లోరోఫాం కొందరు రోగులను ఎందుకు బలిగొంటోంది? 19వ శతాబ్దపు వైద్యులను కలవరపరచిన ఈ ప్రశ్నపై హైదరాబాద్‌లోనే పరిశోధన సాగింది. మూసీ తీరాన అఫ్జల్‌గంజ్‌ ఆసుపత్రిలో సేవలందించిన సర్జన్‌ ఎడ్వర్డ్‌ లారీ చొరవతో, ఆరో నిజాం మీర్‌ మహబూబ్‌ అలీఖాన్‌ ఆర్థిక సాయంతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు ఏర్పాటయ్యాయి. రెండో కమిషన్‌లో పాల్గొనేందుకు లండన్‌ నుంచి లాడర్‌ బ్రంటన్‌ వచ్చారు.

వందలాది జంతువులపై ప్రయోగాల అనంతరం, ముందుగా ఆగేది శ్వాసేనని, దానిని కనిపెట్టి ఉంటే గుండెకు ముప్పు లేదని కమిషన్‌ తేల్చింది. మరణాలు మాత్రం ఆగలేదు. మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చని 1911లో గుడ్‌మన్‌ లెవీ పిల్లులపై ప్రయోగాలతో నిరూపించారు. శ్వాసను గమనించాలన్న హైదరాబాద్‌ సూచన నేటికీ శిరోధార్యమే. అయితే మత్తు వైద్యులు ఇప్పుడు దానితోపాటు గుండె లయనూ అనుక్షణం పరిశీలిస్తున్నారు.