చాదస్తం

చాదస్తం అనగా చిన్న విషయంలో కూడా అవసరానికి మించిన పట్టింపు, చెప్పినదే మళ్ళీ మళ్ళీ చెప్పడం, పాత పద్ధతిని విడవలేకపోవడం. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూసే పెద్దవారిని ఇంట్లోవారు చాదస్తం అని విసుక్కుంటారు. ఈ మాటలో తిట్టు కంటే చనువే ఎక్కువ.

వ్యుత్పత్తి

సంస్కృతంలో ఛందస్సు అంటే పద్యలక్షణమే కాదు, వేదం కూడా. పాణిని అష్టాధ్యాయిలో వేదభాషను ఈ పేరుతోనే వ్యవహరించాడు. ఛందస్సును అధ్యయనం చేసినవాడు ఛాందసుడు, అతని స్వభావం ఛాందసత్వం. తెలుగు వాడుకలో ఒత్తు, సున్న పోయి చాదస్తం అయింది. ఆంగ్లంలో ఇదే అర్థం గల పెడంట్ అనే పదానికి కూడా మొదట ఉపాధ్యాయుడు అనే అర్థం.

అర్థ పరిణామం

వేదం తరతరాలుగా వ్రాతతో కాక వినికిడితో నిలిచింది. కనుక స్వరం తప్పితే సరిదిద్దడానికి పుస్తకం లేదు. త్వష్ట ఇంద్రుని చంపగల కొడుకు కోసం యజ్ఞం చేస్తూ "ఇంద్రశత్రు" అనే సమాసాన్ని తప్పు స్వరంతో పలికాడనీ, దానితో 'ఇంద్రుని చంపేవాడు' అనే అర్థం 'ఇంద్రునిచే చచ్చేవాడు'గా మారి వృత్రుడు హతుడయ్యాడనీ కథ.

తప్పు దొర్లకుండా పదాలను ముందుకూ వెనుకకూ కూర్చి వల్లించే పద్ధతులు ఏర్పడ్డాయి. ఘనపాఠంలో మూడు పదాలను 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అనే వరుసలో, అంటే మొత్తం 13 పదాలుగా పలకాలి. బయటినుండి వినేవారికి ఇది అక్షరాలా చాదస్తమే! తిరుపతిలో 2006లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయంలో నేటికీ వేదాన్ని గురుముఖతః నేర్పుతారు. వేదపఠన సంప్రదాయం 2008లో యునెస్కో జాబితాలో చేరింది.

విచిత్రమేమిటంటే, ఘనపాఠం వచ్చినవానికి పేరైన ఘనాపాఠి తెలుగులో గొప్ప నేర్పరి అనే మెచ్చుకోలు అయింది. అతనికే చెందిన ఛాందసుడు అనే మాట మాత్రం ఎగతాళి అయింది. ఒకే మనిషి విద్యను చూసి ఒక మాట, లోకవ్యవహారంలో అతని తీరును చూసి మరొక మాట పుట్టాయనుకోవచ్చు.

నేటి వాడుక

"చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు" అనే సామెత ప్రసిద్ధం. పత్రికా భాషలో కనిపించే ఛాందసవాదం ఇదే మూలం నుండి వచ్చినా, దాని అర్థం మతం విషయంలో మూర్ఖపు పట్టుదల. ఇంట్లో అమ్మమ్మది చాదస్తమే గాని ఛాందసవాదం కాదు.