వార్తల్లో పదం: ఈడీడీ

2020 డిసెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వచ్చిన ఓ వ్యాసం అమెరికాలో దుమారం రేపింది. అప్పటికి అధ్యక్షుడిగా ఎన్నికైన జో బైడెన్ భార్య జిల్ బైడెన్ తన పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవడం మానుకోవాలని రచయిత సలహా ఇచ్చారు. ఆమెది ఈడీడీ, అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్.

పీహెచ్‌డీ చూపు ఎక్కువగా సిద్ధాంతం మీద ఉంటుంది. ఈడీడీ చేసేవారు తాము పనిచేసే చోట ఎదురైన చిక్కునే పరిశోధనకు తీసుకుంటారు. చాలామంది ఉద్యోగం వదలరు కూడా. జిల్ కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవారు. చేరిన విద్యార్థులు మధ్యలో చదువు మానేయకుండా నిలుపుకోవడం ఎలా? అదే ఆమె పరిశోధనాంశం. డెలావేర్ విశ్వవిద్యాలయం 2007లో పట్టా ఇచ్చింది. పాఠాలు చెప్పే మనిషికి ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఏముంటుంది?

అయితే ఆచరణలో రెండు పట్టాలకూ తేడా చాలాచోట్ల చెరిగిపోయింది. దాన్ని సరిదిద్దడానికే 2007లో కార్నెగీ ప్రాజెక్టు అనే కార్యక్రమం మొదలైంది. ఈడీడీని మొదలుపెట్టిన హార్వర్డ్ విశ్వవిద్యాలయం మాత్రం తర్వాత దాన్ని ఆపేసి పీహెచ్‌డీకి మారింది.

విదేశాల్లో ఈడీడీ చేసి మన దేశంలో అధ్యాపక ఉద్యోగం చూసుకోవాలనుకుంటే, ఆ పట్టా చెల్లుతుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి.