సెల్ఫు తిరుగుతుంది... ఇంజను అందుకోదు!

సామాన్లు మార్చినా తీరని జబ్బు - ఆగిన చోటే పట్టుకోవాలంటున్న మెకానిక్కు

డిండి : సెల్ఫు కొడితే ఇంజను గిర్రున తిరుగుతుంది. కానీ అందుకోదు. అరగంట ఆగి కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతే ఒక్కసారీ మొరాయించదు. ఇంటికి తెచ్చిన మర్నాడు మళ్లీ అదే తంతు. పాత కారు కొని కిరాయికి తిప్పుకుంటున్న డ్రైవర్లను ఈ జబ్బు పెడుతున్న తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

హైదరాబాదు - శ్రీశైలం రోడ్డు వెంట ఉన్న పల్లెల్లో ఇటువంటి కిరాయి బండ్లు ఊరికి ఒకటో రెండో ఉంటాయి. ఆస్పత్రికైనా, పెండ్లికైనా, దేవుని మొక్కుకైనా ముందుగా పిలుపు వచ్చేది వాటికే. 2005 ఆగస్టులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అయినా ముసలివాళ్లను డాక్టరుకు చూపించి మళ్లీ ఇంటికి చేర్చాలంటే ఊరి డ్రైవరే దిక్కు. పిలిచిన వేళకు బండి కదలకపోతే డ్రైవరు మాట పోతుంది. మాట పోతే కిరాయి పోతుంది. కిరాయి పోతే ఫైనాన్సు కిస్తీ ఆగుతుంది.

డిండి మండలంలోని ఒక ఊరి డ్రైవరుకు జరిగింది అదే.

అడవిలో ఆగిన బండి

పోయిన ఎండాకాలం ఆయన ఒక కుటుంబాన్ని శ్రీశైలం తీసుకుపోయాడు. పెట్రోలు వ్యాను, సెకండ్‌హ్యాండ్‌ది. తిరుగు ప్రయాణంలో ఘాటు ఎక్కి వచ్చి, వటువర్లపల్లి దగ్గర చాయ్ కోసం ఆపాడు. పావుగంట తర్వాత తాళం తిప్పితే సెల్ఫు తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. బండిలో ఇద్దరు చిన్నపిల్లలు, ఒక ముసలవ్వ. చీకటి పడుతోంది. నల్లమల దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను వదలరు. ఆలోగా మన్ననూరు గేటు దాటాలి.

“బిడ్డా, రాత్రంతా ఈ అడివిలనే ఉంటమా?” అని అవ్వ అడిగితే తన దగ్గర జవాబు లేదని ఆ డ్రైవరు ఈ విలేకరితో చెప్పాడు. “కొట్టిన, కొట్టిన, బ్యాటరీ కూడ దిగేటట్టయింది. ఇగ లాభం లేదని బానెట్టు తెరిచి పక్కకు కూసున్న. ముప్పావు గంటకు మల్ల కొడితె ఒక్క దెబ్బకు అందుకుంది. ఏమైందో నాకే తెల్వది.”

తొమ్మిదికి కాస్త ముందు గేటు దాటారు. కానీ కబురు ఊరికి ముందే చేరింది. ఆ బండి నమ్మదగ్గది కాదన్నారు. తర్వాత నెలలో శ్రీశైలం కిరాయి ఒక్కటీ రాలేదు.

మూడు సామాన్లు మారాయి, జబ్బు మారలేదు

ఆ డ్రైవరు ఊరికే కూర్చోలేదు. ఒకరు బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేశాడు. ఇంకొకరు ప్లగ్గులన్నారు. నాలుగూ మార్చాడు. పెట్రోలు ఫిల్టరు కూడా మార్చాడు. ప్రతిసారీ బండి నాలుగు రోజులు బాగానే నడిచేది. దాంతో జబ్బు తీరిందనుకునేవాడు. ఐదో రోజున మళ్లీ మొరాయించేది. ఇక ట్యాంకులోని పంపు మార్చాలని ఒకాయన చెప్పేసరికి అప్పు కోసం తిరగడం మొదలుపెట్టాడు.

ఆ సమయంలోనే దేవరకొండలో ఒక పాత మెకానిక్కు దగ్గరకు వెళ్లాడు. ఆయన బానెట్టు తెరవలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. ఎప్పుడు ఆగుతుంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, దూరం నడిచి వేడెక్కినాకనా? అప్పుడు ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది? తాళం తిప్పగానే వెనక పంపు మోత వినవచ్చిందా? డ్రైవరు ఒక్కదానికే జవాబు చెప్పగలిగాడు. వేడి మీదే ఆగుతుంది.

“తమ్మీ, జరం ఉన్నప్పుడు డాక్టరు చూస్తేనే జరమేందో తెలుస్తది. జరం దిగినాక వస్తే ఏం చెప్తడు? బండి ఈడికి తేవద్దు. ఆగిన కాడనే ఉంచు, నాకు ఫోన్ చెయ్” అన్నాడు మెకానిక్కు. ఆగినప్పుడు ఏమేం చూడాలో కూడా చెప్పి పంపాడు.

మోత లేదు!

పది రోజులకు కొండమల్లేపల్లిలో మిట్టమధ్యాహ్నం బండి ఆగింది. ఈసారి డ్రైవరు సెల్ఫు మీద పడి కొట్టలేదు. అద్దాలు ఎక్కించి, తాళం ఆన్ వరకు మాత్రమే తిప్పి చెవి పెట్టాడు. మామూలుగా వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు ‘జుయ్’ మని వచ్చే మోత రాలేదు. వెంటనే ఫోన్ చేశాడు.

మెకానిక్కు మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతిలో ఒక టెస్టు బల్బు మాత్రమే ఉంది. పంపుకు పోయే వైరు దగ్గర పెడితే బల్బు వెలగలేదు. ఫ్యూజు చూస్తే బాగుంది. ఆ బండిలో హారను రిలే, పంపు రిలే ఒకే రకానివి. హారను రిలే పీకి పంపు రిలే చోట పెట్టాడు. తాళం తిప్పగానే పంపు మోగింది. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది.

పాత రిలే మూత విప్పి చూపించాడు. లోపల ఒక కాలి దగ్గర సోల్డరు చుట్టూ వెంట్రుకంత పగులు. ఎండకు, ఇంజను సెగకు లోహం సాగితే ఆ పగులు విచ్చుకుంటుంది, కరెంటు ఆగుతుంది. చల్లబడితే రెండు అంచులూ మళ్లీ ఆనుకుంటాయి, కరెంటు పోతుంది. బోరు మోటారు స్టార్టరు డబ్బాలో కాంటాక్టులు కాలితే మోటారు ఒకసారి లేచి, ఒకసారి లేవకపోవడం రైతులందరికీ తెలుసు. మోటారులో జబ్బు ఉండదు, దానికి కరెంటు అందించే చోట ఉంటుంది. ఇదీ అంతే. బ్యాటరీ తప్పు లేదు, ప్లగ్గుల తప్పు లేదు. అప్పు చేసి కొనబోయిన పంపు కూడా శుభ్రంగా ఉంది.

అన్ని బండ్లకూ రిలేనేనా?

కాదు. రిలే దొరికింది కదా అని అందరూ రిలే మార్చుకుంటే మళ్లీ గుడ్డిదెబ్బే అవుతుంది. పెట్రోలు ఇంజను అందుకోవాలంటే మూడు కావాలి. పెట్రోలు, నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. మూడూ సరైన వేళకు కలవాలి. ఒత్తిడి పోతే సాధారణంగా బండి రోజూ సతాయిస్తుంది. ఒకసారి వచ్చి ఒకసారి పోయే జబ్బు చాలావరకు పెట్రోలులోనో, నిప్పురవ్వలోనో, వాటికి కరెంటు తెచ్చే వైర్లలోనో ఉంటుంది. ఆగిన క్షణంలో ఆ రెంటిలో ఏది లేదో తెలిస్తే సగం పని అయినట్టే.

అంబాసిడరు, జీపుల కాలంలో ఈ వెతుకులాట కంటితో జరిగేది. ఎండాకాలం పైపులో పెట్రోలు ఆవిరైతే పంపు మీద తడిగుడ్డ వేసేవారు. డెల్కో మూత తీసి పాయింట్లు గీకేవారు. వేడెక్కితే పనిచేయని కండెన్సరు మార్చేవారు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 తయారీ కూడా అదే ఏడాది ముగిసింది. ఇప్పటి కార్లలో కార్బురేటరు లేదు, డెల్కో లేదు. పంపు ట్యాంకులోకి పోయింది. పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు ఇవ్వాలో కంప్యూటరు చూసుకుంటుంది. జబ్బు మాత్రం పాతదే, దాగే చోటు మారింది.

ఎక్కువగా దాగే చోట్లు ఇవి. మొదటిది పంపు, దాని రిలే, వాటి వైర్లు. పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే బండిలో పంపు తొందరగా అరుగుతుంది.

రెండోది క్రాంక్ సెన్సారు. ఇంజను తిరుగుతున్నదని కంప్యూటరుకు చెప్పేది ఇదే. దీనిలోని సన్నని తీగచుట్ట వేడికి తెగి, చల్లబడ్డాక అతుక్కోవచ్చు. అప్పుడు కంప్యూటరు దృష్టిలో ఇంజను నిలిచే ఉంటుంది. నిప్పురవ్వ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. సెల్ఫు తిరిగేటప్పుడు మామూలుగా కొంచెం కదిలే ఆర్‌పీఎం ముల్లు అసలు కదలకపోతే దీన్ని అనుమానించాలి.

మూడోది తాళం. చాలా కార్ల తాళంచెవిలో చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని బండి గుర్తుపట్టకపోతే కొన్ని కార్లలో సెల్ఫు తిరిగినా ఇంజను అందుకోదు. డాష్‌బోర్డు మీద తాళం గుర్తు దీపం మిణుకుతూనే ఉంటే జబ్బు అక్కడిదే. రెండో తాళంచెవితో ప్రయత్నించాలి.

నాలుగోది బ్యాటరీ, ఎర్తు వైరు. సెల్ఫు తిరిగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నదని కాదు. 12 వోల్టుల బ్యాటరీ సెల్ఫు కొట్టేటప్పుడు తొమ్మిది, పది వోల్టుల కిందికి దిగితే ఇంజను నీరసంగా తిరుగుతుంది, కంప్యూటరు మాత్రం సరిగా పనిచేయకపోవచ్చు.

డీజిలు బండ్లకు ప్లగ్గు రవ్వ ఉండదు. వాటిలో ముందుగా చూడవలసింది డీజిలు పైపులో ఎయిర్ పట్టిందా, ఫిల్టరులో నీళ్లు చేరాయా అని.

స్కానరు అన్నీ చెప్పదు

స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు స్కానరు పెడితే కంప్యూటరు దాచుకున్న లోపాల నంబర్లు కనిపిస్తాయి. సెన్సారు పోతే చాలాసార్లు నంబరు పడుతుంది. కానీ రిలేలో పగులు వంటి వాటికి నంబరు పడకపోవచ్చు. స్కానరులో ఏమీ లేదంటే బండిలో ఏమీ లేదని కాదు.

తప్పు కంపెనీ దగ్గరే జరిగిన సందర్భాలూ ఉన్నాయి. పెట్రోలు పంపులో లోపం ఉండవచ్చునంటూ 2020 జూలైలో మారుతీ సుజుకీ కంపెనీ 1,34,885 వ్యాగనార్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. 2024 మార్చిలో అదే రెండు రకాల్లో మరో 16,041 కార్లను పిలిచింది. పంపు మోటారులోని ఒక భాగం వల్ల ఇంజను ఆగిపోవడం, స్టార్టు కాకపోవడం జరగవచ్చని కంపెనీయే ప్రకటించింది. ఇటువంటి పిలుపు ఉన్న బండికి సామాను ఉచితంగా మారుస్తారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి ఈ కబురు అందకపోవచ్చు. ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు చూపించి కంపెనీ వర్క్‌షాపులో అడిగి తెలుసుకోవాలి.

బండి ఆగినప్పుడు...

* సెల్ఫు పది సెకన్లకు మించి కొట్టకండి. ప్రతిసారీ అర నిమిషమైనా ఆగండి. లేకుంటే ఉన్న బ్యాటరీ కూడా దిగుతుంది.

* తాళం ఆన్ చేసి పంపు మోత వినండి. బండి బాగున్న రోజుల్లోనే ఆ మోత ఎలా ఉంటుందో చెవికి అలవాటు చేసుకోండి.

* ఆర్‌పీఎం ముల్లు, తాళం గుర్తు దీపం, పెట్రోలు ముల్లు చూడండి.

* పెట్రోలు వాసన బాగా వస్తుంటే ఇంజనులో పెట్రోలు ఎక్కువైందని అర్థం. కొంచెంసేపు ఆగండి. తర్వాత యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి కొడితే చాలా కార్లు అందుకుంటాయి.

* ఇంజనులోకి పైనుంచి పెట్రోలు పోయకండి. ప్లగ్గు వైరు చేత్తో పట్టి చూడకండి. అందులో వచ్చేది వేల వోల్టులు. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

* తేదీ, వేళ, ఎండ, నడిచిన దూరం, ఎన్ని నిమిషాలకు స్టార్టయింది - ఇవన్నీ చిన్న పుస్తకంలో రాయండి.

ఆ పుస్తకం ఇప్పుడు డిండి డ్రైవరు బండిలో సన్‌వైజరుకు గుచ్చి ఉంది. రిలే మార్చిన తర్వాత అందులో కొత్త రాత ఏమీ పడలేదని ఆయన చూపించాడు. మొన్న వానల్లో అదే అవ్వ శ్రీశైలం పోదామని కబురు పంపిందట.

“ఈసారన్న నిలబెట్టవు గద బిడ్డా అని అడిగింది. వటువర్లపల్లిల చాయ్ తాగేదాక ఆగు అవ్వా, నువ్వే చూస్తవు అన్న. ఆడనే ఆపిన. ఆడనే స్టార్టు చేసిన” అంటూ ఆ డ్రైవరు నవ్వాడు.