కంప్యూటరు ఆటల వేగము - అమరికలు

కంప్యూటరుపై ఆటలాడు వారికి సర్వసాధారణమైన బాధ యొకటి కలదు. ఆట మొదలిడిన కొలదిసేపటికే తెరపై బొమ్మ సాఫీగా కదలదు. పరుగెత్తు మనిషి యొక క్షణము నిలిచిపోయి, మరుక్షణమున నాలుగడుగుల ముందు కనబడును. మీట నొక్కిన కొంతసేపటికి గాని దాని ఫలము తోపదు. అట్టి సమయమున పిల్లలు యంత్రము పాతబడినదనియు, క్రొత్తది కొనవలెననియు పట్టుబట్టుదురు. పెద్దలు ధర విని మౌనము వహింతురు. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గ మొకటి యున్నది. అది యంత్రపు అమరికలను, అనగా సెట్టింగులను, ఎరిగి సవరించుకొనుట. ఇందుకు కాసైన వ్యయము లేదు. ఓపిక మాత్రము వలయును. నేడు దానిని గూర్చియే మనవి చేయదలచితిని.

తెరపై కనబడు కదలిక నిజమైన కదలిక కాదు. నిశ్చలములైన బొమ్మలు ఒకదాని వెంట నొకటి వేగముగా మారుచుండగా మన కంటి కట్లు తోచును. సినిమాలో నీ బొమ్మలు సాధారణముగా సెకనుకు 24. ఐతే సినిమా బొమ్మలు ముందే తీయబడి సిద్ధముగా నుండును. ఆటలో నట్లు కాదు. ఆటగాడు ఎటు తిరుగునో ముందుగా తెలియదు గావున ప్రతి బొమ్మను యంత్రము అప్పటికప్పుడే చిత్రింపవలయును. ఈ బొమ్మకే ఫ్రేమని పేరు. సెకనుకు 60 ఫ్రేములు కావలెనన్న, ఒక్కొక్క ఫ్రేమునకు దొరకు గడువు సుమారు 16.7 మిల్లీసెకనులు. 30 చాలునన్న, గడువు 33.3 మిల్లీసెకనులు. ఆ గడువులో పని తెమలనిచో ఆట తడబడును. కావున అమరికలు సవరించుట యనగా, ఫ్రేమునకు పట్టు పనిని తగ్గించుట, పనికి కలుగు అడ్డులను తొలగించుట - ఈ రెండే.

మొదట అడ్డుల సంగతి చూతము. ల్యాప్‌టాపు బ్యాటరీపై నడచునప్పుడు శక్తిని పొదుపు చేయుటకై తన వేగమును తానే తగ్గించుకొనును. కావున ఆట వేళ ఛార్జరు తగిలించి యుంచవలయును. విండోస్ 11లో పవర్ మోడ్ అనుచోట బెస్ట్ పెర్ఫార్మెన్స్ అనునది ఎన్నుకొనవలయును. వెనుక తెరచియుంచిన బ్రౌజరు, వీడియోలు మున్నగువానిని మూసివేయవలయును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును ఒక్కమారు నొక్కిన టాస్క్ మేనేజర్ తెరచుకొనును. ఏ ప్రోగ్రాము ఎంత జ్ఞాపకశక్తిని మ్రింగుచున్నదో అది వరుసగా చూపును.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆటలకని అమ్ము ల్యాప్‌టాపులలో తరచు రెండు గ్రాఫిక్స్ చిప్పులుండును. ఒకటి ప్రాసెసరుతో కలిసియుండు చిన్నది. రెండవది విడిగా అమర్చిన బలమైనది. ఆట పొరపాటున చిన్నదానిపై నడచినచో, పెద్దది యూరక కూర్చుండును. మా వీథిలో నొక గృహస్థు కుమారుని పోరు పడలేక, వాయిదాల మీద క్రొత్త యంత్రము కొనుటకు సిద్ధపడెను. నేను వారింటి యంత్రమును చూచితిని. డిస్‌ప్లే అమరికలలో గ్రాఫిక్స్ అనుచోట ఆ ఆట పేరెన్నుకొని, హై పెర్ఫార్మెన్స్ అని మార్చి, ఆటను మరల తెరచితిమి. వాయిదాల మాట ఆనాటితో ముగిసినది. "ఇన్నాళ్లు ఇది మన యింటనే యున్నదా, మామయ్యగారూ?" యని ఆ పిల్లవాడు నన్నడిగెను. బల్లపై నుంచు కంప్యూటరులలో నిట్టి లోపమే మరొక రూపమున కనబడును. తెర తీగను గ్రాఫిక్స్ కార్డునకు గాక మదర్‌బోర్డునకు తగిలించుట వలన కార్డు నిష్ప్రయోజనమగును. మరియు సెకనుకు 144 మారులు మారగల తెరను కొనియు, విండోస్ అమరికలో 60 వద్దనే యుంచువారు కలరు. అట్టివారు చెల్లించిన ధరలో కొంత వ్యర్థమైనట్లే.

అడ్డులు తొలగిన పిమ్మటను ఆట తడబడినచో పని తగ్గింపవలయును. ఎవరి పని తగ్గింపవలయునో తెలియుట ఇందు కీలకము. తోలుబొమ్మలాటలో కథ నడుపువా డొకడును, బొమ్మలకు రంగులు దిద్దువా డొకడును ఉన్నారనుకొనుడు. కథ నడుపువాడు ప్రాసెసరు; రంగులు దిద్దువాడు గ్రాఫిక్స్ చిప్పు. ఇరువురిలో ఎవరు వెనుకబడినను ఆట వారి కొరకు నిలువవలసినదే. వెనుకబడినవా డెవడో కనుగొనుటకు చిన్న పరీక్ష కలదు. ఆటలో రిజల్యూషనును 1920×1080 నుండి 1280×720కు తగ్గింపుడు. మొదటిదానిలో 20,73,600 చుక్కలు, రెండవదానిలో 9,21,600 చుక్కలు మాత్రమే. చుక్కలు తగ్గగా వేగము బాగుగా పెరిగినచో భారము గ్రాఫిక్స్ చిప్పుపై నున్నది. వేగము పెరుగనిచో భారము సాధారణముగా ప్రాసెసరుపై నున్నది. సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చుచున్నవో విండోస్ మీటతో జి మీట నొక్కి గేమ్ బార్‌లో చూడవచ్చును.

చిత్రభారమును తగ్గించి ఆట నడుపుకొను నేర్పు క్రొత్తది కాదు. 1993లో వెలువడిన డూమ్ అను ఆటలో, యంత్రము చాలనివారు చిత్రపు చట్రమునే చిన్నది చేసికొని ఆడుకొనెడివారు.

గ్రాఫిక్స్ చిప్పు వెనుకబడినచో, మొదట నీడలను తగ్గింపవలయును. నీడలు, ప్రతిబింబములు, పొగమంచు, కాంతికిరణముల లెక్క కట్టు రే ట్రేసింగు - ఇవియే మిక్కిలి భారమైనవి. వీనిని ఒక మెట్టు దించిన కంటికి లోటు స్వల్పము, వేగమునకు లాభము హెచ్చు. టెక్స్చర్లనబడు పైపూత సంగతి వేరు. చిప్పునకు తగినంత సొంత జ్ఞాపకశక్తి యున్నంతవరకు వానిని హెచ్చుగా నుంచినను వేగము పెద్దగా తగ్గదు. అది చాలనిచో మాత్రము ఆట ఆగి యాగి నడచును. చిన్న చిత్రమును గీచి, దానిని యుక్తిగా పెద్దది చేయు ఉపాయములును నేడు కలవు. ఎన్విడియా వారి డిఎల్ఎస్ఎస్ 2018లోను, ఎఎండి వారి ఎఫ్ఎస్ఆర్ 2021లోను వచ్చినవి. ఆటలో నివి యున్నచో క్వాలిటీ అను మెట్టుతో మొదలిడుట మేలు.

ప్రాసెసరు వెనుకబడినచో నీడలు తగ్గించిన ప్రయోజనము స్వల్పము. జనసమ్మర్దము, ఎంత దూరము వరకు లోకము కనబడవలెనను అమరిక - వీనిని తగ్గింపవలయును. మైన్‌క్రాఫ్టు ఇందుకు మంచి నిదర్శనము. అందలి లోకము 16×16 దిమ్మెల చతురములుగా విభజింపబడినది. చూపుదూరము 16 చతురములన్న, ఆటగాని చుట్టును 33×33, అనగా 1,089 చతురములు సిద్ధముగా నుండవలయును. అదే 8 అన్న, 17×17, అనగా 289 చాలును. దూరము సగమైన పని నాలుగవ వంతునకు చేరువగా తగ్గినది! రెండంకెలలో నింత లాభము మరియొక అమరికలో దొరకుట యరుదు.

మన దేశపు ఎండలను గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. ఆట తొలి పది నిమిషములు చక్కగా నడచి, పిదప మందగించినచో అమరికల తప్పు కాదు, వేడి తప్పు కావచ్చును. చిప్పు మితిమీరి వేడెక్కినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. ల్యాప్‌టాపును పరుపుపై నుంచిన అడుగు రంధ్రములు మూసికొనిపోవును. గట్టి బల్లపై నుంచవలయును. యంత్రము నార్పి, పంకా రంధ్రములలోని దుమ్మును అప్పుడప్పుడు తొలగింపవలయును. వైశాఖ జ్యేష్ఠములలో ఫ్రేములను 60కి మించకుండ పరిమితి పెట్టుకొన్నను వేడి తగ్గును.

రెండు హెచ్చరికలు. ఒక్క నొక్కుతో వేగము రెట్టింపు చేయుదుమని చెప్పు ఉచిత ప్రోగ్రాములను నమ్మి యంత్రములో చేర్చరాదు. వానిలో కొన్ని దొంగలకు ద్వారములు. వేగము కొరకు వైరస్ రక్షణను ఆర్పివేయుట అంతకంటె నపాయము. అదే యంత్రమున ఇంటి బ్యాంకు వ్యవహారములును నుండును గదా. ఇక రెండవది: ఇతరులతో ఇంటర్నెట్టుపై ఆడునప్పుడు కలుగు ఆలస్యము వేరు, ఫ్రేముల కొరత వేరు. మొదటిదానికి వైఫై బదులు తీగ తగిలించి చూడవలయును గాని, నీడలు తగ్గించిన ఫలము లేదు.

అమరికలకు హద్దు కలదనియు మరువరాదు. 16 జీబీ జ్ఞాపకశక్తి కోరు ఆటను 8 జీబీతో సాఫీగా నడుపుట కష్టము. అప్పుడైనను మొత్తము యంత్రమును మార్చుటకు ముందు, ఆ యొక్క భాగము చేర్చిన చాలునేమో విచారింపవలయును. ఏ సవరణ చేసినను ఒక్కమారు ఒక్కటే చేసి, ముందును వెనుకను ఎన్ని ఫ్రేములు వచ్చినవో కాగితముపై వ్రాసికొనుడు. పది అమరికలు ఒక్కసారి మార్చినవానికి ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో ఎన్నటికిని తెలియదు. పిల్లలచేతనే ఈ లెక్క వ్రాయించిన మరియు మంచిది. ఆటతోపాటు యంత్రము స్వభావమును వారికి తెలియును. క్రొత్తది కొనవలసిన దినము వచ్చినప్పుడు ఏది కొనవలయునో ఆ కాగితమే చెప్పును.